కృపారావు మాస్టారూ గోగుతోటా

మా సైన్సు మాస్టారు కృపారావు చేతికి మొక్క చిక్కితే వేరు నుంచి చిగురు దాకా చెప్పందే వదిలేవారు కారు. పెళ్ళి భోజనంలో విస్తరాకు ఈనెల గురించి మొదలుపెడితే పప్పు చల్లారిపోయేది. ఒకసారి నందిగామ బస్సులో, బంతిపువ్వంటే ఒక్క పువ్వు కాదని, చిన్న పువ్వుల గుంపని డ్రైవరు పటానికి వేసిన దండ చూపించి వివరిస్తుంటే ఇద్దరు తమ స్టేజీ రాకముందే దిగిపోయారు. జగ్గయ్యపేటలో ఆయన ఎదురొస్తే కూరగాయలు సంచిలో దాచుకునేవాళ్ళం.

మద్యనిషేధం రోజులవి. మా వీధి ఆరోగ్యమ్మ దొడ్లో గోగుమొక్కల మధ్య గంజాయి ఉందని ఎవరో చేరవేశారు. ఎక్సైజు ఇనస్పెక్టరు వచ్చాడు గానీ గోగాకూ చీలికలే, గంజాయాకూ చీలికలే. పోల్చుకోలేక మాస్టారికి కబురుపెట్టాడు. నేనూ వెంట వెళ్ళాను. ఆరోగ్యమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆవిడ బతుకుదెరువు ఒంటెద్దు బండి. ఎద్దుకి పారుడు రోగం వస్తే మందుగా పెట్టడానికి ఒక గంజాయి మొక్క వేసుకుంది. అది వెనక వరసలో రంపప్పళ్ళ అంచున్న ఆకులతో గోగుని మించి నిలబడి నాక్కూడా కనపడుతోంది. పట్టుబడితే ఆవిడ జైలుకి, ఎద్దు సంతకి.

"గంజాయి ఏదో చూపించండి మాస్టారూ," అన్నాడు ఇనస్పెక్టరు.

"చూపిస్తానండి. ముందు గోగేదో తేలాలి గదండీ," అని మాస్టారు మొదటి మొక్క పీకారు.

ఈయన ఏ మొక్కనీ వదలరే, అనుకున్నాను.

కాండం అయింది, నూగుముళ్ళయ్యాయి, కణుపులయ్యాయి. ఇనస్పెక్టరు వెనక వరసల్లోకి తొంగిచూస్తే మాస్టారు మొక్కని అతని ముక్కు దగ్గరికి తెచ్చి, "పువ్వు కింద ఈ పచ్చరేకులు చూడండి," అనేవారు. రెండో మొక్కకి మళ్ళీ వేరు నుంచి ఎత్తుకున్నారు.

"వెనక వరసలు చూద్దామండీ."

"వరసగా వద్దామండి. తొందరపడితే శాస్త్రం చెడుద్ది."

ఎండ నెత్తికెక్కింది. రోడ్డు మీద నందిగామ బస్సు హారను కొట్టింది.

"ఇంకా ఎంతుందండీ?" ఇనస్పెక్టరు గొంతులో ఏడుపు వినిపించింది.

"ఇది ఎర్రగోగండి. తెల్లగోగు అసలు మొదలెట్టనే లేదు."

"అంతా గోంగూరే," అని తీర్మానించి, గొడుగు చంకన పెట్టుకుని ఇనస్పెక్టరు బస్సుకి పరిగెత్తాడు.

ఆరోగ్యమ్మ వెనక వరసలోని ఆ మొక్కని పీకి పెంటకుప్పలో పూడ్చేసింది. మాస్టారు అటు వీపు పెట్టి, చేతికంటిన మట్టి తీరిగ్గా దులుపుకున్నారు. ఎద్దుకి మళ్ళీ జబ్బు చేస్తే పశువుల ఆసుపత్రికి తనే తోడొస్తానని చెప్పారు. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆయన్ని చూసి పారిపోయినన్ని సార్లూ తలుచుకుని నాకు సిగ్గేసింది.

దారిలో ఉండబట్టలేక అడిగాను, "ఆ వెనక వరసలోది ఏం మొక్క మాస్టారూ?"

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏమోనండీ. నాకు మొక్కల గురించి పెద్దగా తెలీదు."