వెనక బెంచీలో ఎవుదోసియా

పెరూ కొండల్లో బడి బడికీ తిరిగి సైన్సు మాస్టార్లకు పాఠం చెప్పడంలో చేదోడుగా ఉండడం ఎవుదోసియా ఉద్యోగం. తడిసిన శాలువా విదిలించి వెనక బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుంటుంది. మాస్టారు తడబడితే లేచి సుద్దముక్క అందుకోవాలనిపిస్తుందని చేతులు రెండూ తొడల కింద పెట్టుకుంటుంది. ఆ రోజు దెల్ఫీన్ మాస్టారు గిన్నెలో నీళ్లు మరిగించాడు. పుస్తకంలో నూరు డిగ్రీలని ఉంది. నీళ్లు తెర్లుతున్నా థర్మామీటరు ఎనభై ఏడు దాటలేదు. అతను ఆమెకేసి ఓసారి చూసి, "ఇది పాడైపోయిందర్రా, నూరని రాసుకోండి," అన్నాడు. పిల్లలు తలలు వంచుకుని రాసుకున్నారు.

బడి వదిలాక, గోడ వార ఎండలో వేయించిన మొక్కజొన్న గింజలు నములుతూ ఆమె అడిగింది. "నిజంగానే పాడైందా మాస్టారూ?"

"లేదు మేడం. ఎందుకలా ఆగిందో నాకు తెలీదు. మీ ముందు తెలీదనడానికి నామోషీ వేసింది."

"నా సంగతి వదిలెయ్యండి. పిల్లలు కళ్లారా చూసింది కాదనుకుని రాసుకున్నారు కదా."

ఇంత ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ, అందుకే నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయన్న ముక్క ఆమె నాలిక చివరిదాకా వచ్చింది. గింజలతో పాటు మింగేసింది.

మర్నాడు గిన్నె మళ్లీ పొయ్యెక్కింది. "నిన్న నేను చెప్పింది తప్పు. థర్మామీటరు బాగానే ఉంది. ఇక్కడ నీళ్లు ఎనభై ఏడుకే ఎందుకు మరుగుతున్నాయో నాకూ తెలీదు. ఏమై ఉంటుందర్రా?" అన్నాడు దెల్ఫీన్. జవాబు కోసం తరగతంతా ఎవుదోసియా వైపు తిరిగింది. ఆమె కూడా వాళ్లలాగే మెడ చాచి గిన్నెకేసి చూసింది. ఒక పిల్ల లేచి నిలబడింది.

"కొండ కింద మా పిన్ని వాళ్లూళ్లో అయితే దుంపలు ఇక్కడికంటే తొందరగా ఉడుకుతాయి మాస్టారూ," అంది.