పాప చెంప మీది ముల్లు

రాయవే బంగారం, నేను చెప్పింది చెప్పినట్టు. రెండువేల అయిదులో దుబాయ్ పక్కన అజ్మాన్‌లో మా అబ్బాయి దగ్గర ఉన్నాను. వాడు ఇంట్లోనే కంప్యూటర్‌లో దుకాణాల బోర్డులకు బొమ్మలు గీసేవాడు. కోడలికి నెలలు నిండాయి.

ఓ మధ్యాహ్నం క్లినిక్ బోర్డు కోసం, పాప మీదికి వంగి చూస్తున్న తల్లి బొమ్మ గీశాడు. గీత లావు చేయగానే తల్లి గడ్డం కొన నుంచి ముల్లొకటి పొడుచుకొచ్చి పాప చెంపకు తగిలింది. ఎంత లావు చేస్తే అంత పొడుగు!

"చెరిపెయ్యరా! కడుపుతో ఉన్న అమ్మాయి చూసిందంటే బెంగపెట్టుకుంటుంది" అన్నాను.

"నేను గీస్తే కదమ్మా చెరపడానికి? అక్కడ నేనేమీ గీయలేదు."

ఉప్పూ మిరపకాయలూ తెచ్చి కంప్యూటర్‌కే దిష్టి తీశాను.

"బాగుంది! అక్కడ క్లినిక్ నడిపే ముదీర్ ఫోన్‌లో యల్లా యల్లా, తొందరగా అని అరుస్తుంటే నువ్వు దీనికి దిష్టి తీస్తున్నావా?" అని నవ్వుతూ వాడేదో నొక్కాడు. ముల్లు మాయం.

"మూల మరీ వాడిగా ఉంటే గీత కొన అలా సాగుతుందమ్మా. గుండ్రం చేశాను, ఖలాస్" అన్నాడు.

వారానికి మనవరాలు పుట్టింది. ఎత్తుకుని చూద్దును కదా, ఎడమ చెంప మీద ముల్లు గీరినట్టు సన్నటి ఎర్రటి చార. బొమ్మలో తగిలిందీ అక్కడే.

వాడు చెప్పింది నేను కాదనను. కానీ ఇది రాస్తున్న పిల్ల, ఇదిగో, కలం ఆపి చెంప తడుముకుంటోంది.