బెల్లం నీళ్ళు

సుమిత్రమ్మ వంటింటికి గోడలు లేవు. ఐదు కిలోల చిన్న సిలిండర్, దాని నెత్తిన బిగించిన బర్నర్, గాలికి అడ్డంగా నిలబెట్టిన రెండు నాపరాళ్ళు. అంతే. కందికోతలయ్యాక గొర్రెల మందతో పెద్దేముల్ నుంచి బయలుదేరితే, మళ్ళీ వానలు మొదలయ్యేదాకా ఆ వంటిల్లు చేనుకొక చోట వాలుతుంది, పిట్టలాగా. సిలిండర్‌ను గాడిద మోస్తుంది. రాళ్ళను మోయక్కర్లేదు. తాండూరు చుట్టూ నేల ఎక్కడ గీరినా రాయి పైకొచ్చి కూర్చుంటుంది.

ఆ చిన్న మంట మీద ఆమెకు తెలిసిన వంటలు కొన్నే. రాత్రి కలిపి పులియబెట్టిన జొన్నపిండిని మసిలే నీళ్ళలో పోసి, ఉండ కట్టకుండా తిప్పి, చల్లారాక ఉప్పు, ఉల్లిగడ్డ వేస్తే అంబలి. మిరపకాయలు కాల్చి చింతపండు రసంలో పిసికితే పచ్చిపులుసు. మధ్యాహ్నం మూటకు జొన్నరొట్టె. గొర్రెపాల చాయ్‌లో బెల్లం దించాకే వేస్తుంది, ముందే వేస్తే పాలు విరుగుతాయని. ఆమె తల్లి మూడు రాళ్ళ మీద ఇవే వండేది. కంది కట్టె ఏరుకుంటే రైతులు గదమాయించడం మొదలయ్యాక మొగుడు బీరన్న ఈ పొయ్యి కొన్నాడు. మొదటిరోజు సుమిత్రమ్మ దానివైపు అనుమానంగా చూసింది. పొగ లేని మంట, కళ్ళు లేని మనిషిలా ఉంది.

ఈ మార్చిలో వాళ్ళ మంద రాజేందర్ పటేల్ కంది చేలో దిగింది. ఒక సాయంత్రం వాన పడింది. టార్పాలిన్ మీద చినుకుల చప్పుడు వింటూ సుమిత్రమ్మ హాయిగా నిద్రపోయింది. తెల్లారి చాయ్ నీళ్ళు కాగకముందే మంట నీలంగా వణికి ఆరిపోయింది.

"గ్యాస్ అయిపోయింది," అంది.

"గ్యాస్ అయిపోయినా నీ నోరు మాత్రం అయిపోదు గదనే," అన్నాడు బీరన్న, సిలిండర్ విప్పుతూ.

"నీ గొర్లకన్న నయమే. నేను ఒక్క తాన్నే మేస్త. జల్ది పోయి రా, చాయ్ లేక తల పలుగుతున్నది."

"తాండూరుల ఒకటి తాగొస్త నేను. నువ్వు వాసన చూద్దువు గాని."

నవ్వుకుంటూ పోయి ఆటో ఎక్కాడు.

ఎండెక్కింది. కంది చేలో రాలిన ఆకు ఎప్పుడో అయిపోయింది. వాగు అవతల పటేల్‌దే జొన్న చేను. కోసిన మోళ్ళ నుంచి పచ్చటి పిలకలు లేచి, గాలికి ఊగుతూ, మందను పిలుస్తున్నట్టున్నాయి. మేపుకోమని పటేల్ ఎప్పుడో చెప్పాడు. బీరన్నే ఆపాడు, నాము ఉంటుందని. నీళ్ళు దొరకని జొన్న పిలక తన దాహాన్ని విషంగా మార్చుకుంటుంది. దాన్నే నాము అంటారు. మంచి వాన తగిలితే నాము విరుగుతుంది. ఇది సుమిత్రమ్మకు పాలు తాగే వయసు నుంచి తెలిసిన మాట. వాన తన తలమీదే కురిసింది కదా.

కానీ ఎండాకాలపు వాన, ఎద్దుకు ఒక కొమ్ము తడిపి రెండోది వదిలేస్తుంది. ఆ మాటా ఆమెకు తెలుసు. ఆ పొద్దు గుర్తుకు రాలేదు. వంగి మట్టి ముట్టి చూడలేదు.

పాలు తాగే గొర్రెపిల్లలను తడికల దొడ్డిలో ఉంచి, మందనంతా వాగు దాటించింది. నెలల ఆకలి ఒక్కసారిగా పచ్చదనం మీద పడింది. వందల పళ్ళు పిలకలు తెంపే చప్పుడు, మళ్ళీ వాన పడుతున్నట్టు. ఆమె గట్టు మీద కూర్చుని ఆ చప్పుడు వింటూ సంతోషపడింది.

మొదట ముందు నడిచే పెద్ద గొర్రె తల వాల్చింది. నోట నురగ. కాళ్ళు గాలిలో ఎవరినో తన్నుతున్నట్టు కొట్టుకుంది. ఆమె అరుస్తూ తోలేలోపు ఇంకోటి, దాని పక్కన మరోటి. తోలినవి వాగులో పడ్డాయి. కేక విని పటేల్ బిందెడు మజ్జిగతో పరుగెత్తుకొచ్చాడు.

"పశువుల డాక్టర్‌కు ఫోన్ చేసిన సుమిత్రమ్మా. వేరే ఊర్ల ఉన్నడట, బయలెల్లిండు."

బీరన్న సిలిండర్ భుజాన వేసుకుని అప్పుడే వచ్చాడు. చేను చూశాడు. బర్నర్ బిగించి అగ్గిపుల్ల గీశాడు. మజ్జిగలాగే బెల్లం నీళ్ళూ నాముకు విరుగుడు. చాయ్‌కి దాచుకున్న బెల్లమంతా ఆమె రాతితో చితక్కొట్టి గిన్నెలో వేసింది. నీళ్ళు గోరువెచ్చనై, బెల్లం కరిగి, ఎర్రటి తీపి వాసన చేనంతా పరుచుకుంది. పండగ వాసన. బీరన్న దవడలు పట్టి తెరిస్తే ఆమె చెంబుతో పోసింది. కొన్ని మింగాయి. కొన్నింటి నోటి నుంచి తీపి నీళ్ళు అలాగే జారి మట్టిలో ఇంకాయి.

"వాన పడ్డది గదయ్యా," అంది ఆమె, పోస్తూనే. "రాత్రి పడ్డది గద."

బీరన్న వేలితో నేల తవ్వాడు. పొడి దుమ్ము లేచింది.

"ఈడ పడలేదే."

గొంతులో కోపం లేదు. అదే ఆమెకు భరించరానిదైంది.

"తిట్టు నన్ను. జర తిట్టరాదు."

అతడు ఇంకో గొర్రె దవడ తెరిచాడు. "నీళ్ళు పొయ్యి," అన్నాడు. పోసింది. మింగలేదు. మళ్ళీ పోసింది. గిన్నె నింపుకుని పొయ్యి దగ్గరికి, పొయ్యి దగ్గరినుంచి చేలోకి తిరిగింది. డాక్టర్ వచ్చేసరికి వాగు అవతల నిలబడ్డ గొర్రె లేదు. ఆయన సూదిమందు మళ్ళీ సంచిలో పెట్టి, పక్కకు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. గుంత తీయడానికి మిషన్ కోసం పటేల్ ఊళ్ళోకి పోయాడు.

పొద్దు వాలింది. దొడ్డిలో పిల్లలు అరవడం మొదలుపెట్టాయి. తల్లులు తిరిగొచ్చే వేళ అది. ఒకటి మొదలెడితే అన్నీ అందుకున్నాయి. గిన్నెలో మిగిలిన బెల్లం నీళ్ళలో వేలు ముంచి సుమిత్రమ్మ ఒకదాని నోటికి పెట్టింది. అది చప్పరించి, ఉమ్మి, ఆమె చేతిని మూతితో తోసేసింది. తోపులాటలో తడిక ఒరిగింది. పిల్లలన్నీ వాగువైపు పరుగెత్తాయి.

ఒక్కటీ తప్పిపోలేదు. ఏ తల్లి ఎక్కడ పడి ఉందో దేనికది వెతుక్కుంది. మోకాళ్ళ మీద కూర్చుని, చల్లబడిన పొదుగులను తలతో కుమ్ముతూ, తోకలు ఆడించాయి.

"విషం పాలే అవి, గుంజెయ్," అని బీరన్న కేక వేశాడు.

సుమిత్రమ్మ ఒకదాన్ని ఎత్తుకుంది. అది ఆమె చేతుల్లో తన్నుకుంటూ తల్లివైపే మెడ చాచింది. ఇంకోదాన్ని అందుకోవడానికి వంగింది. వంగినది వంగినట్టే నేల మీద కూలబడింది. చుట్టూ చేనంతా చప్పరింతల చప్పుడు.