నర్సమ్మగారు వేసిన కుర్చీ

నర్సమ్మగారు పోయారని సోమవారం పొద్దున్న లేసు అప్పజెప్పడానికి వచ్చిన ఆడవాళ్లు చెప్పారు. నేను పద్దు పుస్తకంలోంచి తల ఎత్తలేకపోయాను. ఆవిడ గురించి ఇన్నాళ్లూ చెప్పకుండా దాచినది ఒకటుంది.

ఆవిడ మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. నరసాపురంలో మా వెనక వీధే. నేను ఏడో తరగతితో చదువు ఆపి లేసు గిడ్డంగిలో గుమస్తాగా చేరాను. విదేశాల నుంచి వచ్చే ఆర్డరు కాగితాలు నాకు అర్థమయ్యేవి కావు. సాయంత్రాలు ఆవిడ దగ్గరకు వెళ్లేవాణ్ణి. నాకు అరుగు మీద కుర్చీ వేసి, తాను మెట్టు మీద కూర్చుని లేసు అల్లుతూ చెప్పేవారు.

"ఇరవై మాటలు బట్టీ పట్టకు అబ్బాయ్. ఒక్క మాటతో నెల రోజులు కాపరం చెయ్యి."

ఆ మాట 'టేక్'. మందు వేసుకోవడానికి టేక్, బస్సెక్కడానికి టేక్, ఫొటో తీయడానికి టేక్. "తెల్లవాళ్లు దాంతోనే స్నానం చేస్తారు, దాంతోనే కునుకు తీస్తారు" అని నవ్వేవారు. మొదటి రోజు నేర్పింది 'టేక్ యువర్ సీట్'. నేను ఇంకా నిలబడే ఉంటే, "కూర్చుంటేనే పాఠం వచ్చినట్టు" అన్నారు.

ఐదేళ్ల తర్వాత ఒక దొర సరుకు చూడ్డానికి వచ్చాడు. నా ఇంగ్లీషు విని ఎవరు నేర్పారని అడిగాడు. మా షావుకారు పొంగిపోయి, "సొంతంగా నేర్చుకున్నానని చెప్పవయ్యా!" అన్నాడు. ఎవరూ నేర్పలేదని చెప్పాను. అప్పుడు లేసు అప్పజెప్పడానికి మూటతో వచ్చిన నర్సమ్మగారు వరసలో మూడో మనిషి.

దొర ఆవిడ అల్లిన బల్లగుడ్డ చూసి, దీనికి ఎన్నాళ్లు పట్టిందని నేరుగా ఆవిడనే అడిగాడు. 'హౌ లాంగ్ డిడ్ ఇట్ టేక్?' అందులోనూ టేక్ ఉంది. తెల్ల డాక్టర్ల పక్కన ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి, నా వైపు చూసి తెలుగులో అన్నారు.

"మూడు వారాలు పట్టిందండి. దొరగారికి మీరు చెప్పండి గుమస్తాగారూ."

చెప్పాను. నా పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చోండి అని కూడా అనలేదు. ఆ రోజు నా పుస్తకంలో 'దొర వచ్చాడు, సరుకు నచ్చింది' అని మాత్రమే ఉంది.

సాయంత్రం వెళ్లనా మాననా అనుకుంటూనే వెళ్లాను. కుర్చీ వేసే ఉంది.

"ఏంటి అబ్బాయ్, ఆలస్యం? ఇవాళ్టిది 'టేక్ యువర్ టైమ్'. తొందరేం లేదు అని."

ఆ తర్వాత ఆవిడ చాలా ఏళ్లు ఉన్నారు. నిజం ఒప్పుకోవడానికి నేను తొందరపడలేదు.

సోమవారం సాయంత్రం ఆ ఇంటికి వెళ్తే, వాళ్లమ్మాయి అరుగు మీద అదే కుర్చీ వేసింది. "కూర్చోండి. లేసు లెక్కలు చూసుకోడానికి వచ్చేవారని అమ్మ చెప్పేదండి" అంది.

కూతురి దగ్గర కూడా నా పరువు కాపాడారు.

"లెక్కలకు కాదమ్మా. నాకు ఇంగ్లీషు నేర్పింది మీ అమ్మగారే" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

కుర్చీలో కూర్చోలేక మెట్టు మీద కూర్చున్నాను. పక్కనే బుట్టలో సగం అల్లిన లేసు పువ్వు ఉంది. సూది ఇంకా చివరి ముడిలోనే ఉంది.