రెండో దగ్గు

దయ్యాలను నేను నమ్మను. బతికున్నవాళ్లు చెప్పేదే సగానికి సగం నమ్మను, ఇక చచ్చినవాళ్లు చెప్పేది ఎక్కడ వింటాను? మందతో పాటు వాగుల్లో, పాడుబడ్డ గుళ్ల పక్కన, వల్లకాడు పక్కన కూడా పండుకున్నవాణ్ని. నన్ను నిద్రలేపింది నల్లులు, తోడేళ్లు, మా పెద్ద పొట్టేలు. ఇంకెవరూ లేపలేదు. ఊళ్లో ఎవరికైనా దయ్యం పట్టిందంటే "కిరాయి ఎంత ఇస్తున్నదట?" అని అడిగేవాణ్ని.

అలాంటి నేను ఇది రాస్తున్నాను. రాతలో తప్పులుంటే మన్నించాలి. బడి గొర్లను లోపలికి రానియ్యలేదు, గొర్లు నన్ను బడికి పోనియ్యలేదు. మూడో తరగతిలోనే మా సంబంధం తెగిపోయింది.

మాది కోస్గి దగ్గర ఒక పల్లె. గొర్లు మా తాతల నాటి పని. కోతలయ్యాక రైతులు మా మందను తమ చేన్లలో పండబెట్టించుకుంటారు, ఎరువు కోసం. అలా పండుకున్నందుకు మాకు జొన్నలు కొలిచి ఇస్తారు. అంటే మా ఇంట్లో పండుకున్నందుకు తీసుకోవడమే తప్ప ఇచ్చుడు లేదు. మా గొర్రెలకు కూడా ఆ అలవాటు లేదు. పండుకోవడానికి కిరాయి కట్టి వంశం పరువు తీసిన మొదటివాణ్ని నేనే.

ఆ సంగతి చెప్పే ముందు మా పిలుపు గురించి చెప్పాలి. గొర్లు కాసే ప్రతి ఇంటికీ ఒక పిలుపు ఉంటుంది. పది మందలు ఒక్క చెరువు కాడ కలిసిపోయినా, ఎవరి పిలుపుకు వాళ్ల గొర్లే లేచి వస్తాయి. మా బాపు పిలుపు నాలుకతో రెండుసార్లు "డుర్ర్, డుర్ర్", ఆ తర్వాత "హోయ్" అని ఒక సాగదీత. దాని వెనక దగ్గు. దగ్గు పిలుపులో భాగం కాదు, బీడీలది. కానీ గొర్లకు ఆ తేడా ఏం తెలుసు? ఏండ్ల తరబడి విని దగ్గును కూడా లెక్కలోకి తీసుకున్నాయి.

బాపు పోయాక మొదటిసారి మందను నేను పిలిచాను. ఒక్కటి లేవలేదు. గొంతు పోయేలా అరిచాను. పండుకుని నెమరు వేస్తూ, వీడెవడురా అన్నట్టు చూశాయి. చివరికి విసుగొచ్చి దగ్గాను. మంద మొత్తం లేచి నిలబడింది.

అప్పటినుంచి నేను బీడీ తాగకపోయినా, పిలిచిన ప్రతిసారీ చివర దగ్గుతాను. ఆస్తి పంపకంలో నాకు వచ్చిన వాటాలో అదొకటి. అయితే బాపుది జంట దగ్గు. ఒకటి గట్టిగా, రెండోది గొంతులోనే మింగేసినట్టు. ఆ రెండోది నాకు చేతకాలేదు. నేను ఒక్కటే దగ్గేవాణ్ని. గొర్లు సర్దుకుపోయాయి.

నా పెండ్లి బాపు పోయిన తర్వాత అయింది. నా భార్య మల్లమ్మ ఆయనను చూడలేదు, ఆయన గొంతు వినలేదు. ఇంట్లో మేము ఆయన గురించి మాట్లాడుకునేవాళ్లం గానీ ఆ దగ్గు ఊసెత్తేవాళ్లం కాదు. ఎందుకంటే ఆయనను తీసుకుపోయింది ఆ దగ్గే.

సాగర్ డ్యామ్ పని జోరుగా నడుస్తున్న రోజుల్లో మల్లమ్మకు జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, దగ్గు ఉండిపోయింది. మనిషి గడ్డిపోచలా అయింది. పాలమూరు దవాఖానలో డాక్టరు చెవులకు గొట్టాలు పెట్టుకుని చాలాసేపు విన్నాడు. "ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నయి. ఎత్తు మీద చల్లటి గాలికి తీసుకపో. ఇక్కడి దుమ్ములనే ఉంచితే ఈ ఎండకాలం దాటుడు కష్టం" అన్నాడు. నేను దేనికైనా ఏదో ఒక ఎకసెక్కం ఆడేవాణ్ని. ఆ రోజు మాత్రం నేరుగా ఇంటికి వచ్చి పొట్టేళ్లను లెక్కపెట్టాను.

ఎత్తు, చల్లటి గాలి అంటే మాకు తెలిసింది అమ్రాబాదు గుట్టలే. డబ్బున్నవాళ్లు ఊటీ పోతారు, మేము పొట్టేళ్లు అమ్మి అమ్రాబాదు పోయాం. దారిలో అచ్చంపేట సంతలో పాలిచ్చే మేకను కొన్నాను. దగ్గుకు మేకపాలు మంచివని అందరూ చెప్పారు. మేక బస్సు మీద ఎక్కింది, మేము లోపల ఎక్కాం. గుట్ట ఎక్కేసరికి మా ముగ్గురిలో హుషారుగా ఉన్నది అదొక్కటే.

అక్కడ ఎవరో దొర వేటకు కట్టించుకున్న పాత బంగ్లా ఒకటి ఉండేది. దొర లేడు, వేట లేదు, ఎండాకాలంలో గదులు కిరాయికి ఇచ్చేవాళ్లు. గుట్ట చూస్తే మా ఊరి గుట్టకు అన్నలాంటిది, అంతే. కానీ కిరాయి విన్నాక హిమాలయాలకు వచ్చామేమో అనిపించింది. బంగ్లా చూసుకునే గుమాస్తా శంకరయ్య కండువా సర్దుకుని చెప్పుకొచ్చాడు.

"గీ గది ఆషామాషీ గది కాదు. ప్రాజెక్టు ఇంజినీర్లు దిగే గది."

"ఇంజినీర్లు ఇప్పుడు ఉన్నరా లోపల?" అన్నాను.

"లేరు."

"మరి వాళ్ల కిరాయి మాకెందుకు గుమాస్తా సాబ్?"

ఆయన నవ్వలేదు. గదికి వేరే, మంచానికి వేరే, దీపానికి వేరే, బావి నీళ్లకు వేరే చెప్పాడు. ఒక మంచి పొట్టేలు నిలువునా గదికే పోయింది. ఇంకోదాని తొడలు మంచానికి, తల దీపానికి, కాళ్లు నీళ్లకు పోయాయి. చివరికి మేకను చూపించి, వరండాలో దాని జాగాకు కూడా కిరాయి అన్నాడు.

"అది నిలబడే ఉంటది సాబ్, పండుకోదు" అన్నాను.

"నిలబడ్డా జాగా జాగానే" అన్నాడు.

నేను తిరిగి పోదామనుకున్నాను. మల్లమ్మ దగ్గుతూ మెట్ల మీద కూర్చుంది. నోరు మూసుకుని ఇచ్చేశాను.

ఇక అసలు తమాషా. డాక్టరు చెప్పింది బయట గాలిలో కూర్చొమ్మని. మల్లమ్మ గదిలోంచి బయటకు రాదు. ఎంత బతిమాలినా ఒకటే మాట.

"రెండు పొట్టేళ్లు వోసి గది తీస్కుంటిమి. బయట కూసుంటే గాలి ఉత్తగనే వస్తది గద? ఉత్తగ వచ్చేదాంట్ల కూసోని, పైసలు పెట్టినదాన్ని ఖాళీగ ఉంచుతరా ఎవరన్న?"

"గాలి కోసమే గదనే వచ్చింది!"

"గాలికి కిరాయి కట్టినవా? మంచానికి కట్టినవు. నేను మంచం మీదనే పండుకుంట."

దానితో వాదించి గెలిచినవాడు మా ఊళ్లో లేడు. అలా పొద్దంతా తలుపు మూసుకుని, దగ్గుతూ, ఆ మంచం మీదే కిరాయి రాబట్టుకుంటూ పండుకునేది. తగ్గాల్సిన దగ్గు పెరిగింది. చెక్కిళ్లు ఇంకా లోపలికి పోయాయి. ఈమెను ఇంటికి తిరిగి తీసుకుపోతానా లేదా అని భయం పట్టుకుంది. బయటికి మాత్రం జోకులే వేస్తున్నాను, ఏం చేయను, వేరే మందు నా దగ్గర లేదు.

ఒక రోజు మధ్యాహ్నం. ఆమె తిని పండుకుంది. మేకను వరండా స్తంభానికి కట్టేసి నేను నీళ్లకు బావికి పోయాను. బావి బంగ్లా వెనక, పల్లంలో, కేక వేస్తే వినబడేంత దూరంలో ఉంది. శంకరయ్య నా వెంటే వచ్చాడు. చేద ఎక్కువ వాడుతున్నానని ఆయన పంచాయితీ. ఇద్దరం బావి గట్టు మీద నిలబడి మాటకు మాట అనుకుంటున్నాం. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నేను ఎక్కడున్నానో నాకే కాదు, ఆయనకు కూడా తెలుసు. పెద్ద చప్పుడు వినబడేదాకా మా ఇద్దరికీ ఇంకే చప్పుడూ వినబడలేదు.

బండి నిండా రాళ్లు ఒక్కసారి కుమ్మరించినట్టు చప్పుడు. చేద బావిలో వదిలేసి పరుగెత్తాను. బంగ్లా మీద తెల్లటి దుమ్ము లేస్తున్నది. మా గది కిటికీలోంచి సున్నం పొగలా వస్తున్నది. తలుపు తెరిచే ఉంది. లోపల పైకప్పు దూలం ఒకటి విరిగి, దాని వెంట పలకలు, గచ్చు అన్నీ మంచం మీద పడి ఉన్నాయి. మంచం కాళ్లు నాలుగు దిక్కులకు పోయాయి. దూలాన్ని లోపల మొత్తం చెదలు తినేశాయి. ఇంజినీర్లు ఎవరూ పైకి చూడలేదు కాబోలు.

పేరు పెట్టి అరిచాను. జవాబు వెనకనుంచి వచ్చింది.

"గట్ల ఒర్లుతవేంది? ఈడనే ఉన్న గద."

ముందు వాకిట్లో, చింతచెట్టు దాకా పోయి నిలబడి ఉంది. పక్కన మేక. మేక మెడకు తెగిన తాడు వేలాడుతున్నది. కింద కూలబడ్డాను.

శంకరయ్య రొప్పుతూ వచ్చాడు. గదిలోకి తొంగి చూసి "మంచం పాయె!" అన్నాడు.

"పోనీ సాబ్. దానికేమన్న పెండ్లామా, పిల్లలా?" అన్నాను. ఆ మాట అనేటప్పుడు నేను ఏడుస్తున్నానని ఆయన తర్వాత చెప్పాడు. ఆయన కూడా అప్పుడే చింతచెట్టు కింద ఉన్న మనిషిని చూశాడు. రెండు చేతులు జోడించి దేవుడికో, మేకకో మొక్కి, లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఆమెకు ఇచ్చాడు. ఆ బంగ్లాలో కిరాయి లేకుండా దొరికిన మొదటి నీళ్లు అవే.

మల్లమ్మ తాగి, నా వైపు కోపంగా చూసింది.

"ఏమయ్యా, పిలిచి ఏడికి పోయినవ్?"

"నేనెక్కడ పిలిచిన?"

"పిలువకుంటే నేనెందుకు లేస్తనయ్యా? గొర్లను పిలిచినట్టు పిలిస్తివి. 'నన్ను గొర్రెననుకున్నడా వీడు' అని, తిడదామనే బయటికొచ్చిన. మేక అప్పటికే తాడు తెంపుకొని ఉరుకుతాంది. పిలుపు గా చెట్టు కాడినుంచి వినొచ్చింది. వచ్చి చూస్తే నువ్వు లేవు."

శంకరయ్య నా వైపు చూశాడు. "గీయన నా దగ్గరనే ఉండె గదమ్మా, బాయి కాడ. పిలువలే" అన్నాడు.

మల్లమ్మ ఆయన మాట పట్టించుకోలేదు. నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. గొంతు మెత్తబడింది.

"నా దగ్గు నీకు గూడ అంటిందా ఏంది? ఎప్పుడు ఒక్కసారే దగ్గుతవు. ఇయ్యాల రెండుసార్లు దగ్గినవ్. రెండోది లోపల్లోపలనే మింగినవ్."

నేను లేచి చింతచెట్టు చుట్టూ తిరిగి చూశాను. ఎండ మండుతున్నది, అయినా చలి పుట్టింది.

ఆ సాయంత్రం నుంచి మేము చింతచెట్టు కిందికి మారాం. శంకరయ్య గోనె పట్టాలు ఇచ్చాడు, కిరాయి మాట ఎత్తలేదు. వేరే గది ఇస్తానన్నాడు గానీ మల్లమ్మ వద్దంది. పైసలు పెట్టని జాగా కదా, బయట పొద్దంతా హాయిగా కూర్చుంది. చల్లటి గాలి, మేకపాలు. దగ్గు మెల్లగా సన్నబడింది. వానలు పడే ముందు తన కాళ్ల మీద నడిచి బస్సెక్కింది. ఇది రాస్తుంటే లోపలినుంచి జొన్నరొట్టె కొడుతున్న చప్పుడు వినబడుతున్నది. డాక్టరు దాటదన్న ఎండాకాలం దాటి ఎన్నో ఎండాకాలాలు అయ్యాయి.

నేను ఊరుకోలేదు, అక్కడ ఉన్నన్నాళ్లు అందరినీ అడిగాను. ఆ ఎండలకు గొర్ల మందలన్నీ కృష్ణ ఒడ్డుకు దిగిపోయాయని, చుట్టుపక్కల ఒక్క గొల్ల మనిషి లేడని చెప్పారు. ఆమె నిద్రలో దగ్గి, తన దగ్గే నాదనుకుందా? అనుకోవచ్చు. మరి పిలుపు? దూలం విరిగేముందు చేసే చప్పుడు పిలుపులా వినిపించిందా? అదీ అనుకోవచ్చు. కానీ అది తలకాయ మీదనుంచి రావాలి, చింతచెట్టు కాడినుంచి కాదు. మేక అచ్చంపేట సంతలో కొన్నది, మా పిలుపుతో దానికి పనిలేదు. నేను దాన్ని ఎప్పుడూ పిలవనేలేదు, కట్టేసే ఉంచేవాణ్ని. అది తాడు ఎందుకు తెంపుకుంది? ఆ రెండో దగ్గు సంగతి మల్లమ్మకు ఎవరు చెప్పారు? ఇప్పటికీ నాకు అంతు చిక్కలేదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. అది దయ్యం అని ఎవరైనా అంటే ఒప్పుకోను, తగువుకు వస్తాను.

ఒక్కటి మాత్రం మారింది. నేను బయటినుంచి ఎంత పిలిచినా మల్లమ్మ లేవదు. "నీది ఒక్క దగ్గే, అంత తొందరేం లేదు" అంటుంది. ఆ రెండోది నేర్చుకుందామని మందతో ఒంటరిగా ఉన్నప్పుడు చాలాసార్లు ప్రయత్నించాను. నాకు రాదు. గొర్లు తలెత్తి చూసి, మళ్లీ మేతలో పడతాయి.