కొంగుకు పట్టిన సెంటు

మాది ధర్మవరం. ఇంట్లోనే మగ్గం. వారమంతా పట్టుచీర నేస్తాను, ఆదివారం వస్తే చెరువుకు పోయి రబ్బరు కప్పతో కొర్రమీనుకు గాలం వేస్తాను. నిజానికి కొర్రమీనుకు వాసనతో పనిలేదు. నాచు మీద కప్ప చిందులేస్తే చాలు, ఎగిరి పట్టుకుంటుంది. ఇన్నేళ్లూ అట్లాగే పట్టాను. హిందూపురం నుంచి వచ్చిన స్నేహితుడొకడు చిన్న సీసా చేతిలో పెట్టేదాకా నాకు ఏ రోగమూ లేదు.

"రబ్బరని తెలుస్తానే ఉమ్మేస్తాదప్పా. ఈ సెంటు పూసినావంటే ఇడిసేదే లేదు," అన్నాడు.

వెల్లుల్లి, చేపనూనె కలిసిన కంపు. నా భార్య మూత తీసి చూసి, "పట్టు ముట్టుకునే చేతులకు ఇదేం కర్మ? పారేయ్," అంది. వింటే నేను నేనెందుకవుతాను? ఆదివారం ధారాళంగా పూశాను.

సాయంత్రం సబ్బుతో కడిగాను, నిమ్మచెక్కతో రుద్దాను. అయినా సోమవారం పొద్దున టీ గ్లాసు ఎత్తితే వేళ్ల నుంచి గుప్పుమంది. మగ్గం మీద పెనుకొండ వాళ్ల ముహూర్తం చీర, కొంగు ఒక్కటే మిగిలి ఉంది. ఒక రోజు ఆగాల్సింది. ఆగితే ఎందుకని మా ఆవిడ అడుగుతుందని కూర్చున్నాను. ఆ రోజే పోగులు తెగాలా! తెగిన ప్రతి పోగునూ ఆ వేళ్లతోనే నలిపి అతికాను.

ముహూర్తం చీరను తీసుకునేటప్పుడు ఇంటి పెద్దావిడ కళ్లకద్దుకోవడం వాళ్ల ఆనవాయితీ. చీర కోసం మా ఇంటికొచ్చిన పెండ్లికూతురి అవ్వ కొంగు విప్పి కళ్లకద్దుకుని, అట్లాగే ఆగిపోయింది. వాళ్లు నీసు ముట్టని వాళ్లు. చీర వద్దంటే ఇంకొకటి నేసేంత వ్యవధి లేదు, తడిపితే అది కొత్తచీర కాదు. మూలన నా గాలం కర్ర ఆనించి ఉంది. అవ్వ ఒకసారి దాన్ని చూసింది, ఒకసారి నా చేతులు చూసింది. మా ఆవిడ తల వంచుకుంది.

"ఏమవ్వా, బాగలేదా?" అని పెండ్లికూతురు బెదురుగా అడిగింది.

"శానా బాగుండాది తల్లీ. కండ్లల్లో నీళ్లు తిరిగినాయంతే," అంది అవ్వ. చీర మడిచి, ఎవరి చేతికీ ఇవ్వకుండా తన సంచిలోనే పెట్టుకుంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

పెండ్లికి రాను మొర్రో అన్నా మా ఆవిడ వినలేదు. అక్షింతలు వేయడానికి దగ్గరికి పోతే కొంగు నిండా సాంబ్రాణి వాసన. పాపం, ఆ ముసలామె ఎన్ని పూటలు పొగ పట్టిందో. చుట్టాలంతా నేత అంటే ఇదీ అని నా వీపు తట్టారు. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

బయలుదేరేటప్పుడు అవ్వ తాంబూలం చేతిలో పెట్టి, నాకొక్కడికే వినపడేలా అడిగింది.

"ఏమప్పా, ఆ పొద్దు చేపలన్నా పడినాయా?"

ఒక్కటీ పడలేదు.