పెళ్లి కార్డుల వెనక రాసిన మాటలు

మా కోడలు ఏ వస్తువునూ తొందరగా పారేయదు. ఇంటికొచ్చిన పెళ్లి కార్డులన్నీ బీరువా మీద అట్టపెట్టెలో దాచి ఉంచుతుంది. మనవరాలు ఒకటో తరగతికి వచ్చాక ఆ కార్డులను చిన్న ముక్కలుగా కత్తిరించి, తెల్లగా ఉన్న వెనకవైపు ఇంగ్లిషు మాటలు రాసింది. ద, వాజ్, సెడ్, కమ్ లాంటివి. వాటిని కూడబలుక్కోకుండా చూడగానే చెప్పేయాలట. సైట్ వర్డ్స్ అంటారట. మొత్తం ముప్ఫై ముక్కలు. పిల్ల గడగడా చదివేది. ఇంటికి ఎవరొచ్చినా చదివించి చూపించేవాళ్లం.

వచ్చే గురువారం ఒక్కొక్కరినీ పిలిచి చదివిస్తానని బడిలో మేడమ్ చెప్పింది. చదవలేనివాళ్లు ఇకనుంచి రోజూ ఒక గంట కేజీ పిల్లల గదిలో కూర్చోవాలి. మా పిల్లకి అదే భయం. "ఆ ఛోటే బచ్చోంతో నేను కూచోను నానమ్మా" అని రోజుకి నాలుగుసార్లు అనేది. మాకైతే ఆ బెంగ లేదు.

ఆదివారం పొద్దున ఒక ముక్క మీద టీ ఒలికి రాత కొంచెం అలుక్కుపోయింది. కోడలు వంటింట్లో ఉంది. నేనే నోటుబుక్కులోంచి కాగితం చింపి, ఆ మాటను చూసి దించాను. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై రెండో ఏట. నా రాత పెద్దగా, ఏ అక్షరానికా అక్షరం విడిగా ఉంటుంది. అది చదవలేకపోవడానికి వీల్లేదు.

"ఇది నాకు రాదు" అంది పిల్ల.

"రాదేటే? నిన్న చదివేవు కదా."

"నిన్నటిది పీలావాలా. ఇది కొత్తది."

టీలో తడిసిన ముక్కను తిప్పి చూశాను. మూలన పసుపు ఉంది. పంచేముందు పెళ్లి కార్డు మూలలకు మనం రాసే పసుపు. మిగతా ముక్కలు ఎలా గుర్తుపడుతున్నావని అడిగితే దాచకుండా చెప్పేసింది. బంగారు అంచు ఉన్నది సెడ్. అన్నిటికన్నా మందంగా ఉన్నది వాజ్. వినాయకుడి తొండం ఇవతలికి ఉబ్బి తగిలేది కమ్.

నేను తిట్టలేదు. ముప్ఫై ఏళ్లు నేనూ అలాగే బతికాను. మా ఆయనది ఈ హిందీ ఊళ్లో ప్లాంటు ఉద్యోగం కాబట్టి ఇంట్లో ఒక్కొక్కరికీ ప్లాంటు ఆసుపత్రివాళ్లు ఇచ్చిన మందుల పుస్తకం ఉండేది. నూనె మరక ఉన్నది ఆయనది, మూల ఎలుక కొరికింది నాది. నాకు చదువు రాదని ఎవరూ కనిపెట్టలేదు. ఒక ఏడాది పుస్తకాలన్నిటికీ కొత్త అట్టలు వేశారు. నేను నాదనుకుని ఆయన పుస్తకం తీసుకెళ్లి ఆసుపత్రి మందుల కిటికీలో ఇచ్చాను. "మాతాజీ, యే ఆప్‌కా నహీ హై, నామ్ పఢ్ లో" అన్నాడు లోపలి మనిషి. ఇది మీది కాదు, పేరు చదువుకోండి అని, మర్యాదగానే. వెనక లైన్లో జనం ఉన్నారు. నేను ఆ పేరు వైపు చూస్తూ నిలబడిపోయాను. రుఆబాంధా అనే పేటలో ఒక రిటైరైన టీచరమ్మ ఆడవాళ్లకి మధ్యాహ్నాలు హిందీ నేర్పేది. ఆ నెలలోనే అక్కడ చేరాను. తెలుగు ఆ తర్వాత పక్క క్వార్టరావిడ దగ్గర నేర్చుకున్నాను.

గురువారం మేడమ్ చేతిలో ఉండేది పుస్తకం. అందులో కాగితాలన్నీ ఒక్కలాగే ఉంటాయి.

"టెస్ట్ ముందు దాన్ని కన్ఫ్యూజ్ చేసేస్తున్నారు అత్తయ్యా" అంది కోడలు. "రోజూ ఫటాఫట్ చదివేస్తోంది కదా."

ఆ ముప్ఫై మాటలూ నోటుబుక్కు కాగితాల మీద రాయమన్నాను. రాసింది. పిల్లకి నాలుగు వచ్చాయి. కోడలు మంచం మీద కూలబడింది.

"ఇంత తక్కువ టైములో ఏం నేర్పుతాం?"

"నాకు మొదటి వారం ఏటి నేర్పేరో అదే."

హిందీలో, తెలుగులో అక్షరం పేరే దాని పలుకు. ఇంగ్లిషులో అలా కాదని నాకు ఆ రోజే తెలిసింది. ఎస్ అన్నది పేరు, మాటలో అది పలికేది 'స్' అని. పిల్లకి పేర్లన్నీ వచ్చు, పలుకులు రావు. కోడలు పలుకులు చెబుతుంటే వరండా గచ్చు మీద సుద్దముక్కతో అక్షరాలు చూసి దించాను. పిల్ల ఒక్కో అక్షరం మీద అడుగు వేస్తూ దాని పలుకు అనాలి, చివర నిలబడి అన్నీ కలిపి అనాలి. స్, అ, న్. సన్.

మా ఆయన పేపరు దించారు. "ఏటే, ఇంట్లో పాము దూరిందేటి? పొద్దున్నుంచి ఒకటే బుసలు."

"ఖాళీగానే ఉన్నారు కదా, మీరూ వచ్చి బుసకొట్టండి."

"నాకొద్దు. నీ దెబ్బకి నన్ను కేజీలో కూచోబెడతారు."

పిల్ల పడిపడి నవ్వింది. కేజీ మాటకి అది నవ్వడం అదే మొదలు.

సెడ్ లాంటి మాటలు పలుకులకు లొంగవు. వాటిని అక్షరాల వరుస చూసి గుర్తుపెట్టుకోవాల్సిందే. అందుకు పళ్లెంలో బొంబాయి రవ్వ పోసి వేలితో రాయించాను. పళ్లెం కుదిపితే మాట పోతుంది, మళ్లీ రాయాలి. రవ్వకి అంచూ లేదు, పసుపూ లేదు. బుధవారం రాత్రికి కూడా కొన్ని మాటలు మిగిలాయి. వేగం పూర్తిగా పోయింది. కోడలు నాకు అన్నం వడ్డించి, తన కంచం పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

గురువారం బడి వదిలే వేళకు నేనే వెళ్లాను. పిల్లల్ని అప్పగించే బల్ల దగ్గర తల్లులు లైన్లో ఉన్నారు. మా పిల్ల మేడమ్ పక్కనుంచి దూరి వచ్చింది. "కేజీ లేదు నానమ్మా" అంది.

మేడమ్ హిందీలో చెప్పింది. ఎప్పుడూ చూడని పేజీ ఇచ్చిందట. ఆగి ఆగి చదివిందట, కానీ ఒక్కసారీ బొమ్మ వైపు చూడలేదట. "ఎవరు నేర్పారు, ట్యూషనా?" అని అడిగింది.

"మైనే" అన్నాను. నేనే అని.

ఆవిడ పిల్ల రీడింగ్ నోటుబుక్కు నా ముందుకు జరిపి సంతకం చేయమంది. పై గడుల్లో అన్నీ కోడలి పొట్టి సంతకాలు. నేను ఇంటిపేరుతో సహా తెలుగులో మొత్తం రాశాను. గడి చాలక పక్క గడిలోకి వెళ్లింది. పిల్ల వంగి చూసింది. దానికి తెలుగు అక్షరాలు ఒక్కటీ రావు. మొదటి అక్షరం మీద వేలు పెట్టింది.

"దీని పలుకేంటి నానమ్మా?"

వెనక లైన్లో వాళ్లు ఆగారు. నేను ఒక్కో అక్షరమూ చూపించి, చివరిదాకా చెప్పాను.